ఏడో శనివారం దాకా ఆగమన్నాను

సంతకం పెట్టబోతున్న మా అక్క చేతిలోంచి పెన్ను తీసుకున్నది నేనే. ఎవరో చెబితే చేసింది కాదు, కంగారులో జరిగిపోయిందీ కాదు. బాగా ఆలోచించాననుకునే చేశాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. గుండె బొమ్మ బోర్డు మీద చూడకుండా గీయగలను. కర్ణికలు పైన, జఠరికలు కింద, పుపుస సిరలో మంచి రక్తం, పుపుస ధమనిలో చెడు రక్తం అని ఎందరు పిల్లల చేత వల్లె వేయించానో లెక్కలేదు. అయినా మా బావ గుండె లయ తప్పిన రాత్రి ఆ ఐసీయూ గుమ్మం ముందు అందరికంటే బుద్ధి తక్కువగా నడుచుకున్నది నేనే. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలుసు. బయటివాళ్ళకు చెప్పుకోవడం ఇదే మొదలు.

బావది మా ఊరే, వాడపల్లి. గౌతమి గట్టు దిగువన కొబ్బరితోట, కాస్త వరి చేను. అరవైకి దగ్గర పడుతున్నా చేలో పనికి ఒకరిని పిలిచే అలవాటు లేదు. చలికాలంలో ఫ్లూ జ్వరం పట్టుకుంది. మొదట ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సెలైన్ పెట్టించుకున్నాడు. ఆయాసం వచ్చాక రావులపాలెం, అక్కణ్ణుంచి రాజమండ్రి, అక్కడా కుదరక ఇంకా పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా కమ్మేసి ఉన్నాయి. వెంటిలేటర్ పెట్టారు. బోర్లా పడుకోబెట్టి చూశారు. ఎంత ఆక్సిజన్ ఇచ్చినా రక్తానికి అందడం లేదని, ఇక ఎక్మో పెట్టాలని చెప్పారు.

ఆ మాట వినగానే అక్క నా మొహంలోకి చూసింది. ఎక్మో అంటే మన తెలుగువాళ్ళలో చాలామందికి 2020లో గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారి వార్తలతో తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 5న చెన్నై ఎం.జి.ఎం. హెల్త్‌కేర్‌లో చేరినప్పుడు, తనకు లక్షణాలు స్వల్పంగానే ఉన్నాయని, ఎవరూ కంగారు పడవద్దని ఆయనే వీడియోలో చెప్పారు. 13వ తేదీ రాత్రి పరిస్థితి విషమించింది. ఆపైన వెంటిలేటర్, ఎక్మో. సెప్టెంబరు 7న ఆయన కొడుకు చరణ్ గారు, నాన్నకు కోవిడ్ నెగటివ్ వచ్చింది, ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారు అని చెబితే మా వీధిలో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఊపిరితిత్తులు కోలుకుంటే చాలు, ఇంటికి వచ్చేస్తారనుకున్నాం. సెప్టెంబరు 25 మధ్యాహ్నం 1.04కు గుండె, శ్వాస రెండూ ఆగిపోయాయని ఆస్పత్రి ప్రకటించింది. ఆ రోజు టీవీ ముందు కూచుని ఏడ్చాను. ఏడ్చానే గానీ, ఊపిరితిత్తుల జబ్బుతో చేరిన మనిషి విషయంలో ఆస్పత్రి చివరికి గుండె పేరు ఎందుకు చెప్పిందన్న ప్రశ్న నాకు తోచలేదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో పదో తరగతి పుస్తకంలో శ్వాసక్రియ ఒక అధ్యాయం, ప్రసరణ ఇంకో అధ్యాయం. నేను వాటిని అలాగే విడివిడిగా చెప్పాను, అలాగే విడివిడిగా నమ్మాను.

ఎక్మో పెట్టాక నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలోనే నా తప్పుకు బీజం పడింది. గాజు తలుపు అవతలి నుంచి చూపించారు. తొడ దగ్గరి పెద్ద సిరలోంచి వేలంత లావు గొట్టం బయటికి వస్తోంది. రక్తం అందులోంచి పంపులోకి, పంపులోంచి ఒక చిన్న పెట్టెలోకి పోతుంది. ఆ పెట్టె నిండా బోలుగా ఉండే సన్నని పోగులు. వాటి లోపల ఆక్సిజన్, వాటి చుట్టూ రక్తం. అక్కడే ఆక్సిజన్ ఎక్కుతుంది, కార్బన్ డయాక్సైడ్ దిగిపోతుంది. తిరిగి మెడలోని సిర గుండా గుండె కుడి వైపుకు చేరుతుంది. బయటికి వచ్చే గొట్టం నలుపు తిరిగిన ఎరుపు, లోపలికి పోయే గొట్టం నిగనిగలాడే ఎరుపు. ఆ తేడా చూసి నాకు ఒళ్ళు పులకరించింది. మానిటర్ మీద ఆక్సిజన్ 92 కనిపించింది. వెంటనే కుటుంబం వాట్సప్ గ్రూపులో '92, ఇక భయం లేదు' అని పెట్టాను. ఆ తర్వాత పూటపూటకూ ఆ అంకె పెడుతూ వచ్చాను. ఆ పక్కనే ఆకుపచ్చగా పరిగెత్తే గీతను ఒక్కసారి కూడా నిలబడి చూడలేదు.

మిషను రక్తంలో ఆక్సిజన్ కలుపుతుందే తప్ప ఒళ్ళంతా తిప్పదు. సిరలోంచి తీసి సిరలోకే పంపే ఈ రకం ఎక్మోలో తిప్పే భారం మొత్తం రోగి గుండెదే. ఇంజను నీళ్ళు తోడి బోదెలో పోసినంత మాత్రాన శివారు చేను తడవదు. అక్కడిదాకా పారించాల్సింది బోదే. గుండె పనిలో కూడా సాయపడే ఎక్మో వేరే ఉంది. అందులో రక్తాన్ని ధమనిలోకి పంపుతారు. బావకు గుండె బాగానే కొట్టుకుంటోందని మొదటి రకమే పెట్టారు. ఐసీయూలో బావను చూస్తున్న కుర్ర డాక్టరమ్మ ఇదంతా మొదటి రోజే చెప్పింది. నేను తలూపాను. మాస్టారికి చెప్పాలా అన్నట్టు తలూపాను.

అదే రోజు ఆ అమ్మాయి రెండు ప్రశ్నలు వేసింది. ఇంతకు ముందు ఎప్పుడైనా గుండె దడ వచ్చిందా? ఇంటి దగ్గర ఏ మందులు వాడారు? అక్క నోరు తెరిచేలోపే నేను జవాబు చెప్పాను. దడా గిడా ఏమీ లేదమ్మా, పారాసెటమాల్ తప్ప ఏమీ వాడలేదు అన్నాను. ఆర్.ఎం.పి. రాసిచ్చిన చీటీ నా జేబులోనే ఉంది. అందులో అజిత్రోమైసిన్ ఉంది, ఇంకా రెండు రకాలున్నాయి. అంత పెద్ద ఆస్పత్రిలో, అంత చదువుకున్న పిల్ల ముందు, మాస్టారి ఇంట్లోవాళ్ళు ఊళ్ళో సెలైన్ పెట్టించుకున్నారని చెప్పడానికి నామోషీ అయింది. అజిత్రోమైసిన్ కొందరిలో గుండె విద్యుత్తును కాస్త తారుమారు చేయగలదని, గుండె లయకు ఇచ్చే కొన్ని మందులతో కలిస్తే ఆ ప్రమాదం పెరుగుతుందని, ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి చాలా రోజులు పడుతుందని తర్వాత తెలిసింది. నేను దాచింది నా పరువు కోసం. దాని ఖరీదు కట్టాల్సింది మంచం మీదున్న మనిషి.

శుక్రవారం సాయంత్రం గుండె లయ తప్పింది. లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఈసీజీ కాగితం పట్టి తెచ్చి మా ముందు బల్ల మీద పరిచింది. ఇంకో తెల్ల కాగితం అంచును దాని మీద ఆనించి, రెండు శిఖరాల దగ్గర పెన్నుతో రెండు గీతలు పెట్టింది. ఆ కాగితాన్ని పక్కకు జరిపింది. గీతలు తర్వాతి శిఖరాలకు సరిపోలేదు. ఇంకోసారి జరిపింది, మళ్ళీ సరిపోలేదు. ఒక చోట దగ్గర, ఒక చోట ఎడం. 'మాస్టారూ, ప్రతి శిఖరానికి ముందు చిన్న గుట్ట ఉండాలి. అది కర్ణికలు ముడుచుకున్న గుర్తు. ఇందులో ఎక్కడైనా కనిపిస్తుందా?' అంది. కనిపించలేదు. కర్ణికలు ముడుచుకోవడం మానేసి వణుకుతున్నాయి. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు, ఐసీయూలో అందరూ ఏ-ఫిబ్ అంటారు. నిమిషానికి నూట యాభై పైన కొట్టుకుంటోంది.

ఎందుకొచ్చిందని అక్క అడిగింది. ఒకటే కారణం ఉండదని చెప్పింది ఆ అమ్మాయి. ఒళ్ళంతా వ్యాపించిన ఇన్‌ఫెక్షన్, దాని వాపు. పొటాషియం, మెగ్నీషియం తగ్గడం. ఒంట్లో నీరు ఎక్కువ తక్కువలు కావడం. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి రక్తం నెట్టలేక గుండె కుడి వైపు అలిసిపోవడం. కర్ణిక దాకా వెళ్ళిన ఆ గొట్టం కొస లోపలి గోడకు తగులుతుండటం. అన్నిటికీ మించి, బీపీ నిలబెట్టడానికి ఎక్కిస్తున్న నార్ అడ్రినలిన్. ఆ మందు లేకపోతే బీపీ పడిపోతుంది, ఆ మందే గుండెను రెచ్చగొడుతుంది. ఐసీయూ డాక్టర్లు పగలూ రాత్రీ ఆ రెంటి మధ్య నలుగుతుంటారని ఆ రోజే అర్థమైంది. ఊపిరితిత్తుల కోసం ఎక్మో మీదున్న పెద్దవాళ్ళలో గుండె లయ తప్పడం అరుదేమీ కాదని, అందులో ఎక్కువగా కనిపించేది ఇదేనని కూడా చెప్పింది.

బయట తిరిగేవాళ్ళలో ఏ-ఫిబ్‌తో ఏళ్ళ తరబడి బతుకుతున్నవారున్నారు. రక్తం గడ్డ కట్టకుండా మాత్ర వేసుకుంటూ పొలం పనికీ వెళ్తారు. కానీ ఎక్మో మీదున్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. కర్ణికలు ముడుచుకుని ఇచ్చే ఆఖరి తోపుతో జఠరికల్లోకి చేరే రక్తం మామూలుగానే ఇరవై శాతం దాకా ఉంటుంది. అది పోయింది. పైగా ఆ వేగంలో జఠరికలు నిండటానికి సమయమే చాలదు. కాబట్టి కొట్టుకోవడం ఎక్కువ, పంపడం తక్కువ. మిషను ఇచ్చిన ఎర్రటి రక్తం గుండె దగ్గరే ఉంది, మూత్రపిండాల దాకా సరిగా చేరడం లేదు. నేను మాత్రం మానిటర్ వైపు చూసి '91 ఉంది కదమ్మా' అన్నాను.

పొటాషియం, మెగ్నీషియం ఎక్కించారు. అమియోడరోన్ మొదలు పెట్టారు. బీపీ మందు తగ్గించబోతే బీపీ నిలవలేదు. రాత్రి పొద్దుపోయాక డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మందులకు లొంగడం లేదు, బీపీ మందు డోసు పెరుగుతోంది, మూత్రం తగ్గింది, షాకు ఇచ్చి లయను సరిచేస్తాం, సంతకం కావాలి అంది. అక్క పెన్ను తీసుకుంది.

నేను లాక్కున్నాను.

షాకు అనే మాటకు నా బుర్రలో ఉన్న అర్థమంతా సినిమాల్లోంచి వచ్చింది. మానిటర్ మీద గీత చదునుగా సాగిపోతుంది, డాక్టరు రెండు పలకలు రుద్ది ఛాతీ మీద పెడతాడు, మనిషి మంచం మీద ఎగిరి పడతాడు, బయట హీరోయిన్ ఏడుస్తుంది. షాకు అంటే అన్నీ అయిపోయాక చేసే పని అని నా లెక్క. అంటే బావ పని అయిపోయిందని వీళ్ళు చెప్పకనే చెబుతున్నారనుకున్నాను. నిజానికి గీత చదునుగా సాగిన గుండెకు షాకు ఇవ్వరు. అప్పుడు ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం, కారణం వెతకడం. షాకు పని చేసేది విద్యుత్తు ఉండి అది గాడి తప్పిన గుండెకే. పాఠం చెప్పినవాడికి ఆ మాత్రం తట్టాలి. గుండెకు సొంత విద్యుత్తు ఉందని, కుడి కర్ణిక గోడలో దాని మొదలు ఉందని పరీక్షలో ప్రశ్న ఇచ్చినవాణ్ణి.

నా భయానికి ఒక సాకు దొరికింది. మేనకోడలు పెళ్ళి కుదరాలని అక్క ఏడు శనివారాలు మొక్కుకుంది. మా వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల పాటు వారానికి ఏడు ప్రదక్షిణలు చేస్తామని ఎక్కడెక్కడి వాళ్ళో మొక్కుకుంటారు. శనివారం వచ్చిందంటే రావులపాలెం నుంచి ఆత్రేయపురం దారి బళ్ళతో నిండిపోతుంది. అక్క ఆరు శనివారాలు పూర్తి చేసింది. బావకు జబ్బు చేశాక ఏడోది అమ్మ తరఫున మేనకోడలు చేస్తానంది. ఆ ఏడో శనివారం తెల్లవారితేనే. 'రేపు అమ్మాయి ప్రదక్షిణలు అయ్యేదాకా ఆగుదాం అక్కా, ఎర్రచందనపు స్వామి చల్లగా చూస్తాడు, మందులతోనే తగ్గిపోతుంది' అన్నాను. డాక్టరమ్మతో, మధ్యాహ్నం దాకా మందులతో చూడండి, షాకు వద్దు అన్నాను. ఆ అమ్మాయి రెండుసార్లు విడమరిచి చెప్పింది. పరిస్థితి చెయ్యి దాటితే మీ సంతకం కోసం చూడం అని కూడా చెప్పింది. అక్క నా మాట కాదనలేకపోయింది. తమ్ముడు చదువుకున్నవాడు కదా.

నేను భక్తుణ్ణే, ఇప్పటికీ శనివారం గుడికి వెళ్తాను. ఆ రాత్రి నేను చేసింది మాత్రం భక్తి కాదు. నిర్ణయం తీసుకునే ధైర్యం చాలక, ఆ బరువును దేవుడి మీద పెట్టాను.

తెల్లవారుజామున గుడి దగ్గర క్యూలోంచి మేనకోడలు ఫోను చేసింది. నాన్నకు ఎలా ఉందని అడిగింది. నేను ఏదో సర్ది చెప్పబోయాను. వాళ్ళమ్మకు ఇమ్మంది. మొత్తం విన్నాక మళ్ళీ నాకు ఇమ్మంది. 'మావయ్యా, ఇది నా పెళ్ళికి మొక్కిన మొక్కు. నాన్న వైద్యం ఆపమని సామి మనకెప్పుడు చెప్పాడు? అమ్మ చేత సంతకం పెట్టించు. నేను ప్రదక్షిణలు చేసుకుంటాను, డాక్టరుగారిని వాళ్ళ పని చేసుకోనీ' అంది. నా దగ్గర చదువుకున్న పిల్లే. జవాబు చెప్పలేకపోయాను.

అక్క సంతకం పెట్టింది. బావ అప్పటికే మత్తులో ఉన్నాడు కాబట్టి నొప్పి తెలియదన్నారు. ఛాతీ మీద ఒకటి, వీపు కింద ఒకటి రెండు అట్టల్లాంటివి అంటించారు. ఒక నర్సు షాకు మిషను మీద ఏదో బటన్ నొక్కింది. తెర మీద ప్రతి శిఖరం నెత్తిన చిన్న గుర్తు వెలిగింది. ఆ గుర్తే ఆ వైద్యానికి ప్రాణమని తర్వాత ఆ అమ్మాయే చెప్పింది. గుండె ఒక్కొక్క కొట్టుడు తర్వాత క్షణంలో అతి చిన్న భాగం సేపు చాలా సున్నితంగా ఉంటుంది. షాకు ఆ క్షణంలో పడితే జఠరికలే వణకడం మొదలు పెట్టి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మిషను శిఖరాన్ని గుర్తుపట్టి సరిగ్గా దాని మీదే వదులుతుంది. అమెరికాలో బెర్నార్డ్ లౌన్ అనే గుండె డాక్టరు 1962లో ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. ఆయనే తర్వాత అణుయుద్ధానికి వ్యతిరేకంగా డాక్టర్లను కూడగట్టాడు. ఆ సంఘానికి 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నేను పెన్ను లాక్కుని ఆపబోయిన వైద్యం, నేను బడికి వెళ్ళకముందు నుంచీ ఉన్నది.

'అందరూ దూరం' అన్నారు. బావ భుజాలు ఒక్కసారి కదిలాయి, అంతే. ఎగిరి పడలేదు. గీత ఒక క్షణం ఆగినట్టయి, మళ్ళీ మొదలైంది. ఈసారి ప్రతి శిఖరం ముందూ చిన్న గుట్ట ఉంది. ఎడం ఎడం సమానంగా ఉంది. బీపీ మందు డోసు పొద్దెక్కేలోపే తగ్గించగలిగారు.

కానీ ఆ రాత్రి తగ్గిన మూత్రం వెంటనే రాలేదు. కొన్నాళ్ళు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. రాత్రే షాకు ఇచ్చి ఉంటే ఆ అవసరం ఉండేది కాదా అని డాక్టరమ్మను అడిగాను. అంత జబ్బులో మూత్రపిండాలు దెబ్బతినడానికి చాలా కారణాలుంటాయి మాస్టారూ అంది. నా మొహం చూసి అలా అంది. ఆ కొన్ని గంటలు పడిపోయిన బీపీతో గడిచాయని నాకు తెలుసు, ఆ గంటలు నేను అడిగి పుచ్చుకున్నవని తెలుసు.

అప్పుడు జేబులోంచి ఆర్.ఎం.పి. చీటీ తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. కేస్ షీటులో రాసుకుని, ఈసీజీలో ఏవో దూరాలు మళ్ళీ కొలిచింది. దడ సంగతి అక్క నోటి వెంట అప్పుడే వచ్చింది. 'ఏడాదిగా రాత్రిళ్ళు లేచి కూచునేవారమ్మా. గుండెల్లో గాబరాగా ఉందనేవారు. గ్యాసనుకుని గ్యాసు మాత్ర వేసేదాన్ని' అంది. అంటే బావ గుండె అంతకు ముందే అప్పుడప్పుడు లయ తప్పుతూ ఉండవచ్చు. అది మొదటి రోజే తెలిస్తే వాళ్ళు మొదటి రోజు నుంచే ఆ కంటితో చూసేవారు. ఆ మాట బయటికి రాకుండా అడ్డం పడింది నేను.

లయ ఇంకోసారి తప్పింది. ఈసారి మందులకే లొంగింది. ఊపిరితిత్తులు తేరుకున్నాక ఎక్మో తీశారు, తర్వాత వెంటిలేటర్ తీశారు, డయాలసిస్ అక్కర్లేకుండా పోయింది. బావ కొబ్బరితోటలో ఇప్పుడు నడుస్తున్నాడు, చెట్టెక్కించేది మాత్రం మనిషిని పెట్టి. ఆస్పత్రిలో లయ తప్పినవాళ్ళకు ఇంటికి వచ్చాక కూడా తప్పే అవకాశం ఉందని, గుండె డాక్టరు దగ్గరికి వెళ్తూ ఉండాలని చెప్పారు. వెళ్తున్నాడు. ఆ శుక్రవారం రాత్రి నేను చేసింది ఆయనకు అక్క చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇది చదివేవారికి ఒక విన్నపం. మీ మనిషి వెంటిలేటర్ మీదో ఎక్మో మీదో ఉంటే ఆక్సిజన్ అంకె ఒక్కటే చూసుకుని ఇంటికి కబురు పంపకండి. గుండె లయ ఎలా ఉంది, బీపీ మందు డోసు పెరిగిందా తగ్గిందా, మూత్రం వస్తోందా అని రోజూ అడగండి. షాకు ఇస్తామంటే మనిషి పోయాడని కాదు. ఎందుకిస్తున్నారు, ఆగితే ఏమవుతుంది అని అడిగి వెంటనే జవాబు చెప్పండి. ఆర్.ఎం.పి. ఇచ్చిన మాత్ర గానీ, నాటు మందు గానీ, పక్కింటివాళ్ళ సీసా గానీ, ఏది వాడినా నామోషీ పడకుండా చూపించండి. రోగి పక్కన రాత్రిళ్ళు పడుకున్న మనిషిని అడక్కుండా, ఆయనకు ఇంతకు ముందు ఏమీ లేదని డాక్టరుకు చెప్పకండి.